మా తలుపు రంగు

మొన్న ఆదివారం పొద్దున మా ఎదురు ఫ్లాట్ అమ్మాయి ఒక గిటారును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకొని మా గుమ్మంలోకి వచ్చింది. నేను అమీన్‌పూర్‌లో మా చెల్లెలి కొడుకు దగ్గర ఉంటున్నాను. ఒకప్పుడు మా మామ గిటార్లకు రంగులు ఎంచేవాడని వాడు లిఫ్టులో ఎప్పుడో నోరు జారాడట. ఆ అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ తీరిక రోజుల్లో వాయించుకుంటుంది, సిటీలో ఎవరి దగ్గరో పాతది కొన్నది, కుడి మోచెయ్యి ఆనే చోట రంగు అరిగిపోయింది, మళ్ళీ వేయించాలా, వేయిస్తే ఏ రంగు బాగుంటుంది అని అడగడానికి వచ్చింది. నేను కళ్ళద్దాలు పెట్టుకొని చూశాను. దాదాపు నలుపనిపించే ముదురు గోధుమ రంగు, వెలుతురుకు వంచితే లోపల ఎక్కడో ఎరుపు కదులుతుంది. వెనక్కి తిప్పాను. అక్కడ రూపాయి బిళ్ళంత చెక్కముక్క గుండ్రంగా అతికిన గుర్తు కనబడింది. ఆ బిళ్ళ ఉన్నచోట ఒకప్పుడు మా గడి తలుపు గొళ్ళెం ఉండేది. గిటారును సోఫా మీద పెట్టి, మంచినీళ్ళు తాగే నెపంతో నేను లోపలికి వెళ్ళిపోయాను.

మా వంశం గొప్పలు ఇక్కడ విప్పను. మీలో నా ఈడు వాళ్ళకు, ముఖ్యంగా సంగారెడ్డి చుట్టుపక్కల పెరిగినవాళ్ళకు, గడి అంటే, అదే దొరల కోటలాంటి ఇల్లంటే, ఏమిటో, గడి పడిపోవడమంటే ఏమిటో తెలుసు. మొదట భూములు పోయాయి, తర్వాత మా ఇంటి చుట్టూ తిరిగే మనుషులు పోయారు, చివరికి గోడలు ప్లాట్లు వేసేవాళ్ళకు పోయాయి. పటాన్‌చెరులో బస్‌స్టాండ్ వెనక సందులో రెండు గదుల కిరాయి ఇంటికి వచ్చేటప్పుడు మా అమ్మ ఆ ఇంటి గుర్తుగా తెచ్చుకున్నది ఒక్కటే, సింహద్వారపు తలుపు రెక్క. జోడులో రెండోదానికి చోటు లేక అక్కడే వదిలేశాము. నిజానికి ఉన్న ఒక్కదానికీ చోటు లేదు. గదికి ఉన్న ఒకే కిటికీకి అడ్డంగా, గోడకు ఆనించి నిలబెట్టాము, దాంతో మా ఇంట్లో పట్టపగలు కూడా ట్యూబులైటు వెలగాల్సి వచ్చేది. ఎటూ తెరుచుకోని ఆ తలుపు ముందు మంచం వేసుకొని, దాని గొళ్ళేనికి తాళంచెవుల గుత్తి తగిలించుకొని మా అమ్మ నిటారుగా కూర్చునేది. ఆ చెవులతో తెరిచే తాళాలు అప్పటికి లోకంలో ఎక్కడా లేవు.

ఊళ్ళో మమ్మల్ని యాపదొరలు అనేవారు. వేపను మా వైపు యాప అంటారు కదా, గడి ముందు రెండు పెద్ద వేపచెట్లు ఉండేవి, వాటి మూలంగా వచ్చిన పేరని నేను ఊహ తెలిసినప్పటి నుంచి అనుకున్నాను. బడిలో, ఆ తర్వాత సంగారెడ్డి కాలేజీలో, ఎవరు యాపదొరా అని పిలిచినా వీపు సరిచేసుకొని పలికేవాణ్ణి.

ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మందుల ఫ్యాక్టరీ ప్రహరీ పక్కన, చేత్తో ఎలక్ట్రిక్ గిటార్లు తయారుచేసే షెడ్డు ఉండేది. దాని యజమాని కోస్తా వైపు నుంచి ఇంజనీరుగా వచ్చి, ఉద్యోగం విరమించాక ఇక్కడే స్థిరపడిన పెద్దమనిషి. అందరం సారు అనేవాళ్ళం. గుమాస్తా పని ఉందంటే అడగడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు వాన పట్టుకుంటే ఆయనే కారులో దింపి, మా అమ్మ ఇచ్చిన టీ తాగుతూ తలుపును చూశాడు, చూసి టీ మరిచిపోయాడు. ఏం పాలిష్ అని అడిగితే, పాలిష్ కాదు, అది జిట్రేగి, మీరు రోజ్‌వుడ్ అంటారే అదే, నాలుగు తరాల చేతి జిడ్డు పట్టి వచ్చిన రంగు అని నేను కొంచెం గర్వంగానే చెప్పాను. మా అమ్మ చల్లారిన టీ కప్పు తీసుకొని లోపలికి వెళ్ళింది. మర్నాడు నాకు గుమాస్తా పని కాకుండా రంగుల గది అప్పగించారు. ఆ తలుపు రంగును గిటారు మీదకు తేవాలి, అదీ నా ఉద్యోగం.

రంగు వేయడమంటే డబ్బా మూత తీసి బ్రష్షు ముంచడమే అనుకున్నాను మొదట. గిటారు చెక్క గోడ లాంటిది కాదు. ముందు పలచటి రంగునీళ్ళు తాగించి, ఆరాక గరుకు కాగితంతో పైపైన గీకితే, మెత్తటి చోట రంగు నిలిచి, గట్టి చోట పోయి, చెక్కలోని గీతలు లేచి నిలబడతాయి. ఆ మీద మరో రంగు, ఆ మీద లక్కరు, అంటే అద్దంలా మెరిసే పూత, పొర తర్వాత పొర. లక్కరు కింద చెక్క ఎలా ఉండబోతుందో ముందే తెలుసుకోవాలంటే స్పిరిటు గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు, తళుక్కున కనబడి, చూస్తుండగానే ఆరిపోతుంది. కేటలాగులో ఇంగ్లీషు పేర్లుండేవి గానీ పనివాళ్ళు తమ నోటికి తగ్గట్టు మార్చుకున్నారు. నడుమ పసుపుగా ఉండి అంచులకు పోయేకొద్దీ ఎరుపెక్కి నల్లబడే రంగు వాళ్ళకు పొద్దుగూకుడు. ముదురు ఎరుపు చింతపండు, మరీ ముదిరితే పాత చింతపండు. తడి లక్కరు మీద దుమ్ము వాలకూడదని ఆ గదికి కిటికీలు మూసేసి, ఫ్యాను కూడా పెట్టలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకొని, చెమట కారుతుంటే నేను కుర్చీలో కూర్చొని చెక్కముక్కలు చూసేవాణ్ణి. పగలు ఈ మూసిన గది, సాయంత్రం ఇంటికి వెళితే ఆ మూసిన కిటికీ.

ప్రతి సాయంత్రం ఒక రంగుముక్క ఇంటికి తెచ్చి తలుపుకు ఆనించి చూసుకునేవాణ్ణి. మా అమ్మ మంచం మీద నుంచే పెదవి విరిచేది. ఎరుపు తక్కువైందిరా అనేది, ఇంకోనాడు మరీ మెరుస్తున్నది అనేది. ఎన్నో ముక్కలు చెడగొట్టాక ఒకరోజు తలుపుకూ ముక్కకూ తేడా తెలియలేదు. సారు దానికి దొరతలుపు అని పేరు పెట్టాడు. గిటారు చూడటానికి ఎవరొచ్చినా నన్ను గదిలో నుంచి పిలిపించి, ఇదిగో ఈయన ఇంటి రంగేనండీ అని చూపించేవాడు. నేను జిట్రేగి గురించి, నాలుగు తరాల గురించి చెప్పి మళ్ళీ గదిలోకి వెళ్ళేవాణ్ణి. షెడ్డులో మేస్త్రి మా ఊరివాడే, నాకంటే పెద్ద. "యాపదొరా, జెర బయటికొచ్చి సూడున్రి, ఎండల ఈ రంగు ఎట్లున్నదో" అని రోజుకు పదిసార్లు కేకేసేవాడు. నేను పలికేవాణ్ణి.

అలా ఉండగా బయటి రాష్ట్రం నుంచి పేరున్న గిటారు వాద్యకారుడు ఒకాయన వచ్చి, నా కథంతా విని, రంగు ఒక్కటే ఎందుకు, ఆ తలుపు చెక్కతోనే నాకొక గిటారు చేసి ఇస్తారా అని అడిగాడు. సారు ధర సంగతి ఎత్తబోయాడు. పనివాళ్ళందరూ పనులు ఆపి చూస్తున్నారు, అందులో సగం మంది మా ఊరివాళ్ళు. ఇంటి తలుపుకు బేరమా అనిపించింది నాకు. "మేము అమ్మము. ఇస్తాము" అన్నాను. ఆ మాట అన్నప్పుడు ఎన్నో ఏళ్ళ తర్వాత మా తాత కూర్చునే కుర్చీలో నేను కూర్చున్నట్టు అనిపించింది.

ఇంటికి వెళ్ళి చెప్పాను. మా అమ్మ మొదట నమ్మలేదు.

"ఇచ్చినవా? ఎవర్ని అడిగి ఇచ్చినవురా?"

మాట ఇచ్చేశాను, నలుగురిలో ఇచ్చాను అన్నాను. అప్పుడు చెప్పింది. తను కాపురానికి వచ్చిన ఏడాదే మా తాత జిట్రేగి తలుపుల జోడును గడ్డి కింద దాచి బండిలో పట్నం పంపించి అమ్మేశాడట. అదే కొలతకు, అదే నగిషీతో ఊరి వడ్లాయన, అదే వడ్రంగి, చేత కొత్త జోడు చేయించి, పట్నం నుంచి పాలిష్ మనిషిని పిలిపించి, పాత రంగే వచ్చేదాకా గడిలో ఉంచుకున్నారట. ఎవరికీ చెప్పనని వడ్లాయన చేత ఒట్టు వేయించుకున్నారట.

"యాపచెక్క కొడుకా అది. నీక్కూడ చెప్పొద్దనుకున్న. ఒక్కపారి దానిమీద రందా పడ్డదంటే మన పరువు పొట్టు లెక్క ఎగిరిపోతది."

నకలు రంగుకు నకలు తీయడానికి అన్ని నెలలు ఆ గదిలో చెమటోడ్చానన్నమాట, దానికి ఎరుపు తక్కువైందని దిద్దుతూ వచ్చింది ఆ సంగతి తెలిసిన మా అమ్మే. తలుపు ఇస్తే మా ఊరి పనివాళ్ళ కళ్ళముందే చెక్క బయటపడుతుంది. ఇవ్వకపోతే నలుగురిలో ఇచ్చిన మాట తప్పినవాణ్ణవుతాను. జ్వరమని చెప్పి షెడ్డుకు వెళ్ళడం మానేశాను. మానేసి ఎక్కడికి పోతాను, ఆ గదిలో ఆ తలుపుకు ఎదురుగానే కూర్చోవాలి. సారు రెండుసార్లు మనిషిని పంపాడు. చివరికి మా అమ్మే లేచి గొళ్ళెం నుంచి తాళంచెవుల గుత్తి తీసి తలగడ కింద పెట్టుకుంది. "తలుపు పోయినా మాటన్న ఉండాలె గద" అంది, నా వైపు చూడకుండా.

మేస్త్రి, ఇంకో ఇద్దరు ట్రాలీ ఆటోతో వచ్చారు. వాళ్ళు రెక్కను ఎత్తగానే ఏళ్ళ తరబడి మూసుకున్న కిటికీలో నుంచి వెలుతురు మా అమ్మ మీద పడింది, వెంటే మందుల ఫ్యాక్టరీ వాసన వచ్చింది. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని, మూయుండ్రి ముందు, మూయుండ్రి అని కసురుకుంది.

షెడ్డులో చిత్రిక పట్టే రందా మొదటి జారుకు నలుపు చుట్టలు చుట్టుకొని రాలింది. రెండో జారుకు లేత పసుపు చెక్క బయటపడింది. నేను చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాను. గరుకు చక్రం ఆడేసరికి సన్నటి పొట్టు గాలిలో లేచింది, సారు పెదవులు తడుపుకొని పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

"ఏంటండీ, నోరంతా ఇంత చేదు?"

బీహారు నుంచి వచ్చిన పనివాడు వేలితో పొట్టు తీసి నాలుకకు అద్దుకొని, "నీమ్ హై సాబ్" అని తేల్చేశాడు.

"యాప గద సారూ, చేదుండక తియ్యగుంటదా?" అన్నాడు మేస్త్రి పని ఆపకుండానే. "మా నాయిన చేసిన తలుపే ఇది. గందుకే గద దొరోల్లను ఊర్లె యాపదొరలంటరు." అని, నా మొహం చూసి చెయ్యి ఆపాడు. "మీకు ఎర్కలేదా దొరా?"

"ఎరుకే" అన్నాను.

ఆ ఒక్క అబద్ధం కూడా వీపు వంచకుండానే ఆడాను. లోపల మాత్రం బడి, కాలేజీ, బస్సులు, పెళ్ళిళ్ళు, నన్ను ఆ పేరుతో ఎవరెవరు ఎక్కడెక్కడ పిలిచారో, ప్రతిచోటా నేనెంత దర్జాగా పలికానో వరుసగా కనబడుతూ ఉంది. ఆ రోజు షెడ్డులో అందరికీ టీ చేదుగానే తగిలింది.

చెక్కను గిటారు రూపానికి కోసి, గొళ్ళెం చిల్లుకు బిళ్ళ అతికాక, రంగు తేల్చడానికి నన్ను పిలిచారు. మేస్త్రి స్పిరిటు గుడ్డతో ఒకసారి తుడిచాడు. వేపలో అంత అందం ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు. తేనె రంగులో గీతలు లేచి, నడుమ లేత ఎరుపు పాయ ఒకటి పారింది. మంచి చెక్కేనండీ, మహాగనికి చుట్టమే, రంగేమీ లేకుండా లక్కరు ఒక్కటే కొట్టి వదిలేద్దామా, మీ ఇష్టం, అన్నాడు సారు. ఆ తడి ఆరేలోపు నేను సరే అనవచ్చు. వెలుతురు పడ్డ గదిలో కొంగు అడ్డం పెట్టుకున్న మా అమ్మ గుర్తొచ్చింది. చెక్క అంచుల నుంచి ఆరుతూ వచ్చి మళ్ళీ మామూలుగా అయింది.

"దొరతలుపే వెయ్యండి" అన్నాను.

వాద్యకారుడు గిటారు తీసుకోవడానికి వచ్చి, ఒళ్ళో పెట్టుకొని నిమురుతూ చెక్క గురించి అడిగాడు. సారు నా వైపు చూశాడు. నేను ఎప్పటిలాగే జిట్రేగి, నాలుగు తరాలు అని చెప్పుకుంటూ పోయాను. పక్కనే మెరుగుగుడ్డ మడతపెట్టుకుంటున్న మేస్త్రి, అవునవును అన్నట్టు తల ఊపాడు.

ఆ తర్వాత కూడా ఆ గదిలోనే చాలా ఏళ్ళు కూర్చున్నాను. మానేస్తే ఆ పేరు వినలేక పారిపోయాడంటారని మానలేదు. ఉన్నంతకాలం రోజూ ఆ పేరే విన్నాను, ఇప్పుడు అర్థం తెలిసి విన్నాను. మేస్త్రి మాత్రం ఏమీ జరగనట్టే, అదే గొంతుతో యాపదొరా అని కేకేసేవాడు. కిరాయి ఇంట్లో మా అమ్మ ఆ కిటికీకి ముదురు గోధుమ రంగు పరదా కట్టించుకుంది, పోయేదాకా దాన్ని జరపనియ్యలేదు. సారు పోయాక పిల్లలు షెడ్డును గోదాముకు కిరాయికి ఇచ్చేశారు. మేస్త్రి కూడా పోయాడని ఎవరో బస్సులో చెబితే తెలిసింది.

నేను నీళ్ళు తాగి తిరిగి వచ్చేసరికి ఆ అమ్మాయి ఇంకా సోఫాలో కూర్చొనే ఉంది.

"ఇది ఏం చెక్క అంకుల్?"

"రోజ్‌వుడ్" అన్నాను. నోరు తనంతట తానే అన్నది.

ఆమె అరిగిన చోట వేలు పెట్టి నవ్వింది. "రోజ్‌వుడ్ గింత తెల్లగుంటదా అంకుల్? ఏమన్న కహానీ చెప్తున్నరా నాకు?"

మా కాలంలో ఈ ప్రశ్న ఎవరూ నన్ను ఇలా ఎదురుగా అడగలేదు. తెలిసినవాళ్ళు పేరు పెట్టి పిలిచి ఊరుకున్నారు, నేను అబద్ధం చెబుతుంటే పక్కన నిలబడి తల ఊపారు. అది మర్యాదో, ఎగతాళో, రెండూ కలిసినదో ఇప్పటికీ తేల్చుకోలేను గానీ, ఆ తల ఊపు ఆసరాతోనే అన్నేళ్ళు ఆ కుర్చీలో నిటారుగా కూర్చున్నానని మాత్రం తెలుసు. ఇప్పుడు ఈ అపార్ట్‌మెంట్‌లో నేను ఫలానా అని తెలిసినవాళ్ళు లేరు, నా కోసం తల ఊపేవాళ్ళూ లేరు.

"యాప" అన్నాను.

అది చెక్క పేరని ఆమెకు తట్టలేదు. వేపచెక్కమ్మా, రంగేమీ వద్దు, అరిగినంత అరగనియ్యి, పైన లక్కరు ఒక పొర చాలు అని చెప్పాను. వేపనా అని ఆశ్చర్యపడి, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి, థ్యాంక్స్ అంకుల్ అని వెళ్ళిపోయింది. ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. అన్నాక ఎవరో కేకేసినట్టయి అలవాటుగా వీపు సరిచేసుకొని గుమ్మం వైపు చూశాను. లిఫ్టు కిందికి దిగుతున్న చప్పుడు తప్ప వరండాలో ఎవరూ లేరు.