ఇంట్లో మనుషులున్నట్టు

ఆవిడ కుట్టుమిషన్ వీధి వైపు కిటికీ పక్కనే ఉంటుంది. చొక్కాకి కాలరు వేస్తూనే వీధిలోకి ఎవరొచ్చారో, ఎవరు పోయారో, ఎవరు గేటు వెయ్యకుండా బయల్దేరారో చూసేస్తుంది. కుట్టు మాత్రం ఒక్క పోగు పక్కకి పోదు. అందుకే వీధిలో పిల్లలు ఆవిడకి సీసీ కెమెరా పిన్ని అని పేరు పెట్టారు. ఆ పేరు ఆవిడ చెవిన పడనే పడింది. కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయింది కూడా.

పుట్టుకతో ఎవరూ సీసీ కెమెరాలు కారు. కొన్నేళ్ళ క్రితం వరకూ ఆవిడా మనలాంటిదే. గేటు బార్లా వదిలేసి కొట్టుకి వెళ్ళేది, నిచ్చెన పెరటి గోడకి ఆనించి మర్చిపోయేది. ఒక వేసవిలో మొగుడూ పెళ్ళాలు సముద్రం చూసొద్దామని నాలుగు రోజులు వెళ్ళారు. తిరిగొచ్చేసరికి వెనక తలుపు విరిగి ఉంది. దొంగ ఇల్లంతా తిరగేసి టీవీ, మిక్సీ, ఆఖరికి కుట్టుమిషన్ కూడా మోసుకుపోయాడు. టీవీ పోయినందుకు ఆవిడ కంట తడి పెట్టలేదు. మిషన్ కోసం మాత్రం కుమిలి కుమిలి ఏడ్చింది.

ఆ ఏడుపులో ఉండగా చెల్లెలు పరామర్శకి వచ్చింది. చెల్లెలి నోట్లో నువ్వుగింజ నానదు. అక్కాబావలు సముద్రానికి వెళ్తున్నారన్న కబురు బేకరీలోనూ, మందుల షాపులోనూ, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాళ్ళకీ ముందే చెప్పేసింది. పాపం, సంతోషం పట్టలేక చెప్పింది. ఆ సంగతి కూడా తనే నోరు జారి బయటపెట్టుకుంది. అక్క మిషన్ లేని ఖాళీ చోటు చూపించి, "దొంగని నువ్వే పిలిచావు కదే. నీ నోరు మూతపడితే గానీ మా ఇల్లు నిలబడదు" అనేసింది. చెల్లెలు సగం తాగిన టీ గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

కొత్త మిషన్ వచ్చాక ఆవిడ పద్ధతులు మొదలయ్యాయి. పాత సామాన్ల కొట్టులో భీకరమైన బూట్ల జత ఒకటి కొనుక్కొచ్చి గుమ్మం పక్కన పెట్టింది. రోజూ పొద్దున్నే వాటిని కాస్త అటూ ఇటూ జరుపుతుంది, వానొస్తే బురద కూడా పూస్తుంది. సిటీ బస్సు నడిపే భర్తకి ఒక్కో బూటులో రెండు కాళ్ళూ పడతాయి. కొత్త ఫ్రిజ్ కొన్నప్పుడు దాని అట్టపెట్టె వీధిలో పడెయ్యనివ్వలేదు. ముక్కలు ముక్కలు చేసి, బొమ్మ లోపలికి పోయేలా మడిచి, పాత గుడ్డల కింద దాచి చెత్తబండికి ఇచ్చింది. కిటికీ కింద మొక్కల్ని మనిషి నక్కడానికి వీల్లేకుండా కత్తిరించింది. బయటికి వెళ్తే రేడియోలో వార్తలు పెట్టి వెళ్తుంది. పాటలైతే ఎవరూ లేకపోయినా మోగుతుంటాయట, వార్తలు వినాలంటే మనిషుండి తీరాలట. ఈ సిద్ధాంతం ఎక్కడ పుట్టిందో ఆవిడకే తెలియాలి.

అన్నిటికన్నా గమ్మత్తు ఇంకోటి ఉంది. తాళం వేసేటప్పుడు చప్పుడు కాకుండా వేసి, ఖాళీ ఇంటి వైపు తిరిగి, "ఏవండీ, కూర పొయ్యి మీదుంది, చూస్తూండండి" అని వీధంతా వినిపించేలా చెప్పేది. ఒకరోజు డ్యూటీ తొందరగా అయిపోయి భర్త సరిగ్గా ఆవిడ వెనకే నిలబడి ఉన్నాడు. "అలాగే" అన్నాడు నెమ్మదిగా. ఎదురింటివాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆవిడ మాత్రం మూడు రోజులు ఆయనతో ముక్తసరిగా మాట్లాడింది.

నవ్విన ఆ ఎదురింటివాళ్ళలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నాడు. పోనుపోను ఆయనే ఆవిడకి మొదటి శిష్యుడయ్యాడు. ఈమధ్య భర్త స్నేహితుడు వేరే ఊళ్ళో హోటలు పెట్టి రమ్మంటే, రెండు రోజులు ఇల్లు మాస్టారికే అప్పగించి వెళ్ళారు. బట్టలు తడిపి తీగ మీద వెయ్యడం, బూట్లు జరపడం, రేడియో పెట్టడం, సాయంత్రం దీపం వెయ్యడం అన్నీ చూపించి, ఆఖరికి గట్టిగా చెప్పింది. "ఎవరడిగినా మేం ఇంట్లోనే ఉన్నామని చెప్పండి అన్నయ్యగారూ. ఎవరడిగినా సరే."

తిరిగొచ్చేసరికి మాస్టారు గేటు దగ్గరే పరీక్ష ఫస్టున పాసైన మొహంతో నిలబడి ఉన్నాడు.

"ఒక్క పొరపాటు జరగలేదమ్మా. నిన్న ఒకావిడ వచ్చి తలుపు కొట్టింది. ఎంతకీ తియ్యకపోతే నన్నడిగింది. లోపలే ఉన్నారు, ఇప్పుడే చూశానని చెప్పా. బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, రేడియో మోగుతోంది, నమ్మక ఏం చేస్తుంది?"

"ఎవరండీ ఆవిడ?"

"పేరు చెప్పలేదు. నీ పోలికే, కాస్త చిన్నది. మెట్టు మీద చాలాసేపు కూర్చుంది. ఒకసారి 'అక్కా' అని పిలిచింది. కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఎంత పకడ్బందీగా నటిస్తారమ్మా ఈ దొంగలు."

చెల్లెలు ఇన్నేళ్ళకి మనసు మార్చుకుని గుమ్మం దాకా వస్తే, అక్క లోపల కూర్చుని తలుపు తియ్యలేదని అనుకుని వెళ్ళిపోయింది. ఆవిడ చెల్లెలికి ఫోన్ చేసింది. రెండు సార్లు మోగింది, మూడోసారి కట్ చేశారు. మాస్టారు బిక్కమొహం వేశాడు. ఆయన్ని ఏమనగలదు, చెప్పినట్టే చేశాడు కదా.

"నేను దింపనా?" అన్నాడు భర్త.

"వద్దండీ. నేనే వెళ్ళాలి" అని వచ్చిన కాళ్ళతోనే బయల్దేరింది. గేటు వేసిందో లేదో కూడా చూసుకోలేదు.

చెల్లెలు ఉండేది మేడ మీద వాటాలో. తలుపు కొడితే లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఇంట్లో ఎవరూ లేరు" అంది లోపల్నించి చెల్లెలి గొంతు.

ఇంత బాధలోనూ అక్కకి నవ్వొచ్చింది. పెదవి బిగబట్టి తలుపుకి దగ్గరగా జరిగింది.

"నిన్న మేమూ లేమే. నిజంగా లేం. ఊరెళ్ళాం. ఎదురింటి మాస్టారిని అలా చెప్పమని నేనే చెప్పి వెళ్ళా."

లోపల్నించి ఉలుకూ పలుకూ లేదు. ఈ మనిషి మాట్లాడకుండా ఉండటం అక్క ఎన్నడూ చూడలేదు. భయం వేసింది.

"ఇంకో మాట కూడా విను. ఆ దొంగ నీవల్ల రాలేదు. పాలు, పేపరు ఆపమని చెప్పడం నేనే మర్చిపోయా. వచ్చేసరికి గుమ్మంలో ప్యాకెట్లు ఉబ్బిపోయి ఉన్నాయి, పేపర్లు గుట్టగా పడున్నాయి. నాకు అప్పుడే తెలుసు. నీ మీద తోసేస్తే నా మనసుకి తేలికైంది. తప్పు నాది."

గడియ తీసిన చప్పుడైంది. చెల్లెలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతికి సబ్బు నురగ ఉంది.

"ఫోన్ చేసి రావాల్సింది కదే. మేం ఊరెళ్ళేవాళ్ళమే కాదు" అంది అక్క.

"ఎవరికీ చెప్పకూడదనుకున్నానక్కా. నా నోటితో చెప్తే మళ్ళీ ఏమవుతుందోనని. మీ మరిదికి కూడా చెప్పలేదు. బస్సులో పక్కావిడ ఎక్కడికమ్మా అనడిగితే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా."

వాగుడుకాయ చెల్లెలు బస్సులో నోరు కట్టుకుని కూర్చోవడం తలుచుకుంటే అక్కకి దొంగ ఎత్తుకుపోయినవన్నీ లెక్కలోకి రాలేదు. ఆ సబ్బు చేతుల్నే గట్టిగా పట్టుకుంది.

"ఈసారి చెప్పే రా" అంది. "బేకరీలో చెప్పు, బస్సులో చెప్పు, ఊరంతా చెప్పి మరీ రా."