ఖాదర్ వలి మగ్గం మీద తెగే పోగు

ఖాదర్ వలి మగ్గం దగ్గర కూర్చున్నాడంటే పోగు తెగాల్సిందే. నలభై ఏళ్లు నేసిన మనిషి. అయినా మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నాలుగుసార్లు నూలు చుట్టిన నాడె అటూ ఇటూ ఆడించేవాడో లేదో, ఐదోసారికి నిలువుగా బిగించిన పడుగులో ఒక పోగు తెగి వేలాడేది. అదీ చూసే జనం ఉన్నప్పుడే.

దర్శి నుంచి పొదిలి వెళ్లే దారిలో, వాడకం మానేసిన, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో ఊరివాళ్లు పెట్టుకున్న చేనేత మ్యూజియం అది. ఎవరికీ జీతాల్లేవు. ఆదివారమైతే రిటైరైన టీచరు శ్రీదుర్గ వచ్చినవాళ్లకు అన్నీ వివరించేది. ఖాదర్ వలి నేసి చూపించేవాడు. చూపు దాదాపు పోయిన సర్దార్‌బీ మూలన పీట వేసుకుని కూర్చునేది. తెగిన పోగులు అతకడం ఆవిడ పని.

"గంజి పట్టించిన ఈ పోగు ఎంత గట్టిదంటే..." అని శ్రీదుర్గ గొంతు సవరించుకునేసరికి, టప్.

"అక్కా, తెగింది," అనేవాడు ఖాదర్ వలి, చినుకు పడిందన్నంత మామూలుగా.

సర్దార్‌బీ గోడ పట్టుకుని వచ్చేది. వందల పోగుల మీద వేళ్లు జరిపి, తెగినదాన్ని పట్టుకుని, చిన్న నూలు ముక్క చేర్చి మెలిపెట్టేది. రెప్ప వేసి తెరిచేలోపు అయిపోయేది. జనం చప్పట్లు కొట్టి ఫోన్లు పైకెత్తేవాళ్లు. పిల్లలు "మామ్మా, ఇంకోసారి" అనేవాళ్లు. ఆ ఇంకోసారికి ఎక్కువసేపు ఆగాల్సిన పని ఉండేది కాదు.

"ఎందుకు తెగిందండీ ఖాదర్ గారూ?" అనేది శ్రీదుర్గ, జనం వెళ్లాక.

"మిరప కోతలు కదండీ. గాలంతా ఘాటు. పోగుకి తుమ్మొచ్చింది."

ఇంకో వారం, "ఆ కళ్లజోడాయన రెప్పెయ్యకుండా చూశాడండి. దిష్టి."

శ్రీదుర్గ గంజి మార్పించింది. గుంటూరు పోయి మంచి నూలు మోసుకొచ్చింది. ఆ ఆదివారం మూడుసార్లు తెగింది.

"కొత్త నూలు కదండీ. ఊరికి అలవాటు పడాల," అన్నాడు ఖాదర్ వలి.

ఇంతలో గుంటూరులోని ఒక కాలేజీ వాళ్లు చూడ్డానికి వస్తామని కబురు చేశారు. నచ్చితే నెలనెలా విద్యార్థుల్ని పంపుతారు. జనం రాకపోతే బ్యారన్‌ని మళ్లీ పొగాకుకే ఇచ్చేస్తానని దాని యజమాని అప్పటికే రెండుసార్లు అన్నాడు. శ్రీదుర్గకు నిద్ర పట్టలేదు.

"ఏమీ అనుకోకండి. వాళ్లొచ్చే ఆ ఒక్కరోజూ మరియదాసు నేస్తాడు," అంది ఖాదర్ వలితో. మరియదాసు పక్క ఊరి నేతగాడు.

ఖాదర్ వలి ఏదో అనబోయి, మూలనున్న పీట వైపు చూశాడు. "అట్టాగేనండి."

మరియదాసు గంటసేపు నేశాడు. ఒక్క పోగూ తెగలేదు. కాలేజీ వాళ్లు మెచ్చుకుని, పిల్లల్ని పంపుతామని మాటిచ్చి వెళ్లారు. శ్రీదుర్గ సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

"ఇయ్యాల ఏమీ తెగలేదా టీచరమ్మా?" అని అడిగింది సర్దార్‌బీ. ఉతికిన చీర కట్టుకుని పొద్దుటి నుంచి అక్కడే కూర్చుని ఉంది.

"ఒక్కటంటే ఒక్కటి కూడా లేదక్కా."

"మంచిదేలే," అని కర్ర తడుముకుని లేచింది.

మరుసటి ఆదివారం ఆవిడ రాలేదు.

"జ్వరమేమోనండీ?" అంది శ్రీదుర్గ.

"పని లేని చోటికి ఎందుకొస్తదండీ?" ఖాదర్ వలి జేబులోంచి సగం బ్లేడు ముక్క తీసి ఆమె ముందు పెట్టాడు. "ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఏ మగ్గానికి పడుగు అతకాలన్నా ఆవిడకే కబురెళ్లేదండి. ఇప్పుడు ఇంట్లో టీ గ్లాసు కూడా ముట్టుకోనివ్వరు, పడేస్తదని. ఊరికే వచ్చి కూర్చోమంటే రాదు. నేను చక్కగా నేస్తే ఆవిణ్ని ఎవరు పిలుస్తారండీ?"

శ్రీదుర్గ ఆ బ్లేడు ముక్కను మళ్లీ అతని వైపే జరిపింది. "మరి మీ పేరు పోతోంది కదండీ."

"నలభై ఏళ్లు తెగకుండానే నేశాగా. చాల్లెండి."

ఆ సాయంత్రం అతను వెళ్లాక శ్రీదుర్గ మగ్గం గుంటలో దిగింది. ఒక పోగు తెంపుదామని చెయ్యి పెట్టింది. చేతి గాజు పడుగులో చిక్కుకుంది. కంగారుగా లాగింది. తర్వాత చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని సర్దార్‌బీ ఇంటికి పరుగున వెళ్లింది.

"అక్కా, ఘోరం జరిగింది. పద్నాలుగు తెగాయి."

"పద్నాలుగా!" అంటూ సర్దార్‌బీ అప్పటికే కర్ర అందుకుంది.

బ్యారన్‌లో ఆవిడ వేళ్లు పడుగు మీద నడిచి నడిచి ఆగాయి. "ఇయ్యి నిజంగానే తెగినయ్యే," అంది ఆశ్చర్యంగా.

"అంటే?"

"తెగిన పోగు కొస పీచుగా ఉంటది. ఖాదర్‌ది నున్నగా, కోసినట్టు ఉంటది. మూడేళ్లుగా చూస్తన్నా."

శ్రీదుర్గ ఒక కొసను వేళ్ల మధ్య నలిపి చూసింది.

"నువ్వేం చెప్పబాక. తెలిసిందంటే సిగ్గుపడి మానేస్తాడు పిచ్చోడు," అంటూ సర్దార్‌బీ పీటను దగ్గరికి లాక్కుని, మొదటి కొస అందుకుంది. కాసేపటికి తలెత్తింది. "పద్నాలుగన్నావు, పదిహేడున్నయ్. బళ్లో ఏం చెప్పేదానివి టీచరమ్మా?"

"లెక్కలక్కా," అంది శ్రీదుర్గ.