మేకు కొట్టని పెట్టె

గోదావరిఖనిలో మొగిలి చేసే శవపెట్టెకు ఒక్క ఇనుప మేకు కూడా ఉండదని మా వాడంతా గొప్పలు చెప్పుకునేది. ఇప్పుడు ఆ గొప్పలు చెప్పుకున్న నోళ్లే ఆయన్ని తిడుతున్నాయి. అందుకే నాకు ఒళ్లు మండుతుంది.

మొగిలి బొగ్గు బాయిలో టింబర్ పని చేసినవాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టడం ఆయన డ్యూటీ. రిటైరయ్యాక చర్చి వెనక షెడ్డు వేసుకుని, మా క్రైస్తవుల ఇళ్లలో ఎవరు పోయినా పెట్టె చేసేవాడు. మామిడి పలకలు, వెదురు చీలలు, అంతే. రంగు పూయడు. మూత మీద పేరు ఉలితో చెక్కుతాడు. సన్‌మైకా అతికించి, పేరున్న స్టీలు రేకు బిగించిన పెట్టెలు బజారులోకి వచ్చినప్పుడు ఆయనకు నచ్చలేదు.

"మనిషి మట్టిల కలవాలె. గీ ప్లాస్టిక్కు ఏడ కలుస్తది?" అనేవాడు.

మా వాడలోని కొమురెల్లి తన తల్లి పోయినప్పుడు సన్‌మైకా పెట్టె తెస్తానంటే కూడా ఆ మాటే చెప్పి ఒప్పించాడు. మొగిలి తన భార్య పూలమ్మ పోయినప్పుడూ ఆమెను మేకు లేని పెట్టెలోనే పెట్టి, సమాధికి సిమెంటు కూడా వద్దన్నాడు. చెక్క సిలువ పాతాడు. హైదరాబాదు నుంచి పర్యావరణం వాళ్లొచ్చి శాలువా కప్పి, ఫొటోలు దిగి, చాయ్ తాగి పోయారు. వాళ్లు మళ్లీ రాలేదు.

ఒక వానాకాలం గోదావరి పొంగి మా సమాధుల తోటను ముంచింది. చెక్క సిలువలన్నీ కొట్టుకుపోయాయి, మట్టి దిబ్బలు చదునయ్యాయి. మొగిలి గుర్తున్నంతలో జాగా చూసుకుని కొత్త సిలువ పాతాడు. సమాధుల పండుగకు అక్కడే కొవ్వొత్తి వెలిగించి, అక్కడే కూర్చుని పూలమ్మతో మాట్లాడేవాడు.

ఈ ఎండాకాలం నాటికి నది ఒడ్డును కోసుకుంటూ సమాధుల దాకా వచ్చేసింది. అందరినీ తీసి కొత్త జాగాలో పెట్టాలని సంఘ పెద్దలు నిర్ణయించారు. తవ్వుతుంటే సన్‌మైకా పెట్టెలు పేర్లతో సహా బయటపడ్డాయి. వాళ్లవాళ్లు ఏడ్చి, ఆటోల్లో ఎక్కించుకుపోయారు. మొగిలి పెట్టెలు మాత్రం ఆయన కోరుకున్నట్టే మట్టయిపోయాయి. చెక్కిన పేర్లూ మట్టే. ఒకదాని పక్కన ఒకటి ఎముకలు, ఎవరివో ఎవరికీ తెలియదు.

పూలమ్మ సిలువ కింద తవ్వినప్పుడు ఎముకలతో పాటు ఒక బెల్టు బిళ్ల వచ్చింది. బాయి పనివాళ్లు నడుముకు కట్టుకునే బెల్టు. మొగిలి దాన్ని తుడిచి చూశాడు.

"మొగోనిది," అన్నాడు. ఇన్నేళ్లూ ఆయన మాట్లాడింది ఎవరితోనో.

అప్పుడే కొమురెల్లి వచ్చి పట్టుకున్నాడు. "కాకా, నీ మాట ఇన్నందుకు మా అవ్వ లేకుంటయింది. గిండ్ల మా అవ్వ ఏదో నువ్వే జూపియ్యి."

"నాకెట్ల తెలుస్తది కొడుకా. నా ఇంటామెనే దొరకలే."

నాకు కొమురెల్లి మీద కోపమొచ్చింది. కానీ అతనిదీ తల్లిని పోగొట్టుకున్న బాధే.

గుర్తు తెలియని ఎముకలన్నీ ఒకే పెట్టెలో పెడదామన్నారు. పెద్ద పెట్టె మొగిలే చేయాలి. ఈసారి కొమురెల్లి ఇనుప మేకులూ స్టీలు రేకూ తెచ్చి ముందు పడేశాడు. మొగిలి మేకులు కొట్టాడు. ఇంటింటి వాళ్లూ చెప్పిన పేర్లన్నీ రేకు మీద చెక్కాడు. చూస్తే పూలమ్మ పేరు లేదు.

"అన్నా, వదినె పేరు మరిచినవ్," అన్నాను.

"మరువలే. ఆమె గిండ్ల ఉన్నదో, ఆ ఒడ్డుతోని గోదారిల పోయిందో నాకెట్ల ఎరుక?" ఉలి కింద పెట్టాడు. "పేరు రాస్తె మల్ల పరాయోల్లకే మొంబత్తి ముట్టిస్త."