ప్రార్థనలో పెట్టిన మాట

బస్‌స్టేషన్ విచారణ గదిలో ఆమె కుర్చీకి ఎదురుగా ఒక మైకు ఉంటుంది. మీట నొక్కి పట్టుకుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెబుతుంది. ఆవరణ చివరనున్న లౌడ్‌స్పీకర్ నుంచి ఆ మాట కాస్త ఆలస్యంగా ఆమె చెవికి తిరిగి వస్తుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె దాన్ని ఏనాడూ లెక్కచేయలేదు. ఈ మధ్య మాత్రం ఎవరో వెనక నిలబడి తన గొంతుతోనే తనను వెక్కిరిస్తున్నట్టుంటోంది.

చర్చి సంఘంలో అందరూ ఆమెను మైకమ్మ అంటారు. శుక్రవారం మధ్యాహ్నం స్త్రీల కూడికలో ప్రార్థన నడిపించేది ఆమే. ఎంత గోలలోనైనా తడబడని గొంతు.

"మైకమ్మ ప్రార్థిస్తే పరలోకంలో ఎవరూ కునుకు తియ్యలేరు" అనేది కళ్ళజోడు పిన్ని.

"పిన్నీ, తప్పు" అని పాస్టరుగారి భార్య మందలించేది, నవ్వు ఆపుకుంటూ.

ఆ కూడికకొక పద్ధతి ఉంది. ఎవరి కష్టమైనా ప్రార్థన అంశంగా చెప్పుకోవచ్చు, పేరు మాత్రం చెప్పకూడదు. "ఒక సహోదరి" అనాలి. ఒక సహోదరి భర్త జీతం రోజున ఇంటికి రావడం లేదు. ఒక సహోదరికి అత్తతో పొసగడం లేదు. ఆ సహోదరి ఎవరో సగం మందికి ముందే తెలుసు. మిగతా సగం రెప్పల సందులోంచి చూసి, ఎవరి తల మరీ కిందికి వంగిందో కనిపెట్టేవారు. చాడీలు చెప్పడం పాపమని అక్కడ అందరికీ తెలుసు. ప్రార్థనలో పెట్టడం చాడీ కాదని కూడా అంతే గట్టిగా తెలుసు.

మైకమ్మ తోడికోడలు అదే ఇంట్లో కింది వాటాలో ఉంటుంది. ఆదివారం బడిలో పిల్లలకు పాటలు నేర్పేది. నెలలు నిండకముందే కడుపులో బిడ్డ పోయాక కూడా ఆ పని ఒక్కటీ మానలేదు. ఒక సాయంత్రం మేడమీద ఆరిన బట్టలు ఇద్దరూ మడతలు పెడుతుండగా అంది:

"అక్కా, ఒకటి చెబుతాను. తిట్టవు కదా?"

"తిట్లు తినే పని చేశావా ఏంటి?"

"నేను ప్రార్థన మానేశాను. మీతో కూర్చుని కళ్ళు మూసుకుంటాను, అంతే. ఖాళీ ఇంటి తలుపు కొట్టినట్టుంటోంది. లోపల ఎవరూ లేరని తెలిశాక ఎంతసేపని కొడతాం?"

మైకమ్మ దుప్పటి కొస వదిలేసింది. "పిచ్చిదానా, అలా అనకు."

"ఆ పిల్లల మధ్య ఉన్నప్పుడే కాస్త ఊపిరాడుతుంది. ఎవరితోనూ అనకు అక్కా."

"నేనెందుకంటాను? ప్రార్థనలో పెడతాను."

ఇంట్లో చేసుకునే ప్రార్థనే అనుకుని చిన్నామె సరేనన్నట్టు తలూపి, దుప్పటి కొస అందుకుంది.

ఆ రాత్రి మైకమ్మ మంచం పక్కన మోకరించి చాలాసేపు ఏడ్చింది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. శుక్రవారం కూడికలో ఆమె గొంతు ఎప్పటిలాగే గదంతా నిండింది. "ప్రభువా, మా గడపలోనే ఒక సహోదరి ఉంది. గర్భఫలం పోయిన దుఃఖంలో నీవు లేవనుకుంటోంది. నిన్ను పిలవడమే మానేసింది. ఆ బిడ్డను పట్టుకో తండ్రీ." చుట్టూ ముక్కులు ఎగబీల్చిన చప్పుడు. ఎవరో వెక్కారు. ప్రార్థన బాగా కుదిరిందని మైకమ్మకు అనిపించింది కూడా. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి, ఎదుటి వరసలో తోడికోడలి కళ్ళు అప్పటికే తెరిచి ఉన్నాయి. ఎప్పటినుంచి తెరిచి ఉన్నాయో తెలియదు. తననే చూస్తున్నాయి.

ఇంటికి నడిచి వస్తూ చిన్నామె ఒక్కటే అడిగింది. "అక్కా, అది దేవుడికి చెప్పావా, వాళ్ళకి చెప్పావా?"

మైకమ్మ నడక వేగం పెంచింది.

మర్నాటి నుంచి ఇంటికి ఓదార్పు మొదలైంది. ఒకరు పళ్ళు తెచ్చారు, ఒకరు వాక్యం రాసిన అట్టముక్క తెచ్చి గోడకు తగిలించి వెళ్ళారు. కళ్ళజోడు పిన్ని చిన్నామె తలమీద చెయ్యి వేసి, చెయ్యి నొప్పెట్టేదాకా తియ్యలేదు. చివరికి పాస్టరుగారి భార్య వచ్చి, "నీకు కాస్త విశ్రాంతి కావాలమ్మా. పిల్లల పాటల సంగతి ఇంకొకరు చూసుకుంటారులే" అంది, చాలా మెత్తగా.

ఆపైన చిన్నామె మైకమ్మతో పోట్లాడలేదు. పోట్లాడితే బాగుండేది. "గ్యాస్ అయిపోయింది." "మీ మరిది ఆలస్యంగా వస్తారు." అంతే మాటలు. ఆదివారం వీధి చివరి నుంచి పిల్లల పాట వినిపిస్తే కిటికీ మూసి, పనిలో పడేది.

మైకమ్మకు కళ్ళు మూసుకోవడం కష్టమైపోయింది. మూస్తే చాలు, ఎదురుగా రెండు కళ్ళు తెరుచుకుంటాయి. కోపం ఉండదు వాటిలో. ఊరికే చూస్తుంటాయి. అన్నం ముందు ప్రార్థన అర్ధంతరంగా ఆపి లేచేది. మంచం పక్కన మోకరిస్తే వీపు మీద ఎవరి చూపో ఆనినట్టుండి తిరిగి చూసేది. గోడ ఉండేది. ఒకరోజు మైకు ముందు ఒక్క క్షణం రెప్ప వాల్చి, చెప్పాల్సిన ఊరిపేరు మరిచిపోయింది. మీట నొక్కే ఉంది. ఆవరణంతా ఆమె ఊపిరి వినిపించింది. ప్రయాణికులు తలలెత్తి స్పీకర్ల వైపు చూశారు.

కూడిక వంతులవారీగా ఇళ్ళల్లో జరుగుతుంది. వాళ్ళింటి వంతు వచ్చింది. ముందుగదిలో చాపలు పరిచారు. చిన్నామె అందరికీ టీ ఇచ్చి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. పాస్టరుగారి భార్య ఆమెకేసి చూసి, చూపు మళ్ళించి అంది: "మైకమ్మా, ఆ సహోదరి కోసం ఈ వేళ మళ్ళీ ప్రార్థిద్దాం. నువ్వే మొదలుపెట్టు."

తలలు వంగాయి. మైకమ్మ కళ్ళు మూయలేదు. అన్నీ పాపిట్లే కనిపించాయి. కళ్ళజోడు పిన్ని దగ్గింది.

"నేను ప్రార్థన చెయ్యను" అంది మైకమ్మ. "ఆ సంగతి దేవుడికి ముందే ఇంట్లో చెప్పుకున్నాను. ఇక్కడ చెప్పింది మీకు. అది నలుగురికీ చెప్పమని నాతో అన్నమాట కాదు. తప్పు నాది. ఆ పిల్లల పాటలు మా చిన్నదానికి తిరిగి ఇప్పించండి."

పాస్టరుగారి భార్య కొంగు సర్దుకుని, "ఆలోచిద్దాం" అని, తనే ఒక చిన్న ప్రార్థన చేసి ముగించింది. ఆడవాళ్ళు చెప్పులు వెతుక్కుని, మామూలుకన్నా తొందరగా వెళ్ళిపోయారు.

వంటింట్లో కుళాయి కింద కప్పుల చప్పుడు. మైకమ్మ గుమ్మంలో నిలబడింది. కొంచెం తేలికపడిందనే అనుకుంది.

చిన్నామె వెనక్కి తిరగకుండానే అంది: "ఇప్పుడు కూడా వాళ్ళకే చెప్పావక్కా."

మైకమ్మ నోరు తెరిచింది. ముందుగా నాలుక మీదికి వచ్చింది ప్రభువు పేరు. దాన్ని మింగేసింది. ఆ పేరు మధ్యలో లేకుండా ఒక మనిషితో నేరుగా ఎలా మొదలుపెట్టాలో ఆమెకు తోచలేదు. కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ రెండు కళ్ళూ తెరుచుకున్నాయి, ఎప్పటిలాగే. ఈసారి కళ్ళు తెరిచేసి పారిపోలేదు.

"చిన్నా" అంది. గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, నీళ్ళ చప్పుడులో తనకే వినబడలేదు.

కడగాల్సిన కప్పులు ఇంకా ఉండగానే చిన్నామె కుళాయి కట్టేసింది.