చేరానని చెప్పని నాలుగు రోజులు

ఆదివారం పొద్దున్న మా చిన్న దీవిలోని హట్ బేలో ఇంటి పెరట్లో చేపలు కడుగుతుంటే ఫోను మోగింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి మా లాడ్జి అత్త కోడలు. "వదినా, అత్త నేదు. టీ తాగి హాల్లో కుర్చీలో కూకుంది. అలాగే ఎల్లిపోనాది" అంది. అంతకు నాలుగు రోజుల ముందే, బుధవారం నాడు, నేను వాళ్ళింటి నుంచి షిప్పులో మా ఊరు చేరాను. చేరగానే ఆవిడకి ఫోను చేసి "చేరాను" అని ఒక్క మాట చెప్పాలి. చెప్పలేదు. ఆవిడ మంచితనం గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ముందు నా తప్పే బయటికొచ్చింది. రానివ్వండి.

లాడ్జి అన్నానని పెద్దగా ఊహించుకోకండి. పోర్ట్ బ్లెయిర్‌లో హాడో అనే పేటలో, హార్బర్ వైపు దిగే వాలులో, పాత పడౌక్ చెక్కతో కట్టిన మేడ. ఆవిడ మావగారు శ్రీకాకుళం వైపు నుంచి కాంట్రాక్టు పనికొచ్చి కట్టుకున్నది. కింద వాళ్ళ కాపురం, పైన నాలుగు గదులు. ఆస్పత్రికో, పరీక్షకో, ఆఫీసు పనికో చిన్న దీవుల నుంచి వచ్చేవాళ్ళు అక్కడ దిగేవారు. బెంగాలీలు, తమిళులు, నికోబారీలు అందరూ ఆవిడని ఆంటీ అనేవారు. మా నాన్న మొదటిసారి దిగినప్పుడు "అక్కా" అన్నాడు కాబట్టి నాకు అత్త అయింది. మా మధ్య ఉన్న చుట్టరికం ఆ ఒక్క పిలుపే.

షిప్పు దిగి వచ్చినవాళ్ళని ఆవిడ తిన్నగా గదికి పంపేది కాదు. రాత్రంతా సముద్రం మీద ఊగి వచ్చిన వాళ్ళకి గట్టు మీద కూడా కాళ్ళ కింద నేల ఊగుతున్నట్టే ఉంటుంది. అందుకని హాల్లో గోడకి ఆనించి కూర్చోబెట్టి, మిరియాల చారుతో ఇంత అన్నం పెట్టి, ఎదురుగా తనూ కూర్చునేది. కాసేపాగి "ఏటమ్మా, నేల ఆగిందా?" అని అడిగేది. ఆగింది అంటేనే తాళంచెవి ఇచ్చేది. హిందీ వాళ్ళని కూడా అదే మాట అడిగేది, "జమీన్ రుకా క్యా?" అని. కొత్తవాళ్ళు బిక్కమొహం వేసేవారు. రెండోసారి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే "రుకా నహీ ఆంటీ, చావల్ దో" అని నవ్వుతూ అన్నానికి చతికిలబడేవారు.

పదేళ్ళ కిందట నేను నెలలు నిండుతుండగా కాన్పు కోసం అక్కడికి వెళ్ళాను. మా ఆయనకి సెలవు దొరక్క నన్ను దింపి వెళ్ళిపోయాడు. ఇరవై ఎనిమిది రోజులు ఆవిడే నాకు పుట్టిల్లు. ఓ మధ్యాహ్నం నొప్పులు మొదలైతే, పొయ్యి మీద పప్పు పొయ్యి మీదే ఉండగా గరిటె తీసుకెళ్ళి పై గదిలో ఉన్న ఓ గవర్నమెంటు గుమాస్తా చేతిలో పెట్టింది. "భయ్యా, దాల్ దేఖ్నా, నేను ఆస్పత్రికి పోతన్నాను" అని చెప్పి నాతో ఆటో ఎక్కింది. మా అమ్మాయి పుట్టాక ముందు ఎత్తుకున్నది ఆవిడే. ఆ గుమాస్తా పప్పు మాడ్చేశాడని ఆ తరవాత ఏళ్ళ తరబడి చెప్పి నవ్వించేది.

బిడ్డనెత్తుకుని మేం మా ఊరు బయల్దేరినప్పుడు మొదటిసారి ఆవిడ పద్ధతి నాకు తెలిసింది. ఊరికెళ్ళిన మనిషి గడప దాటగానే ఇల్లు ఊడవకూడదని మనందరికీ తెలిసిందే. ఎవరైనా ఓ గంటో పూటో ఆగుతారు. ఆవిడ మాత్రం వెళ్ళినవాళ్ళు చేరామని ఫోను చేసేదాకా ఆ గది ఊడ్చేది కాదు, ఇంకొకరికి ఇచ్చేదీ కాదు. "ఇదేం చాదస్తం అత్తా?" అన్నాను. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని అప్పుడు చెప్పింది.

"ఆ సునామీ పెద్ద అల వచ్చినప్పుడు, దానికి రెండ్రోజుల ముందు ఓ మాస్టరు ఇక్కడి నుంచి క్యాంప్‌బెల్ బే ఎల్లినాడు. మంచోడు. కొత్తగా వొచ్చి కింద కూకున్నోళ్ళు గది కావాలంటే, ఆయన ఇలా మెట్లు దిగినాడో నేదో నేను సీపురెట్టీసినాను. మరి కబురు నేదు. ఈ సేత్తోనే ఊడ్సీసినానమ్మా."

ఆ రోజు నుంచీ మరి నేనెప్పుడూ చాదస్తం అనలేదు. అందరూ అలా ఉండరు కదా. ఒకసారి ఓ కోల్‌కతా కుర్రాడు విమానంలో వెళ్ళి ఫోను చేయడం మర్చిపోయాడు. ఈవిడే ఆరుసార్లు చేసింది. ఆఖరికి ఎత్తి "క్యా భూల్ గయా ఆంటీ? ఛార్జరా?" అని కంగారుపడ్డాడట. "పహుంచ్ గయా బోల్నా భూల్ గయా, బేటా" అని, చేరానని చెప్పడమే మర్చిపోయావని చెప్పి పెట్టేసి చీపురందుకుంది. అది చెప్పి నేనెన్నిసార్లు నవ్వానో. ఇప్పుడు తలుచుకుంటే నా నవ్వు నాకే అసహ్యంగా ఉంది.

మొన్న వెళ్ళింది అమ్మాయికి కళ్ళద్దాల కోసం. బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా వచ్చి "సేరీక ఫోను సెయ్యి" అంది. పదేళ్ళుగా వింటున్న మాట. "అలాగే అత్తా" అని ఆటో వైపు చూస్తూ అన్నాను. ఆవిడ మొహం చూసి అననైనా లేదు.

దారంతా సముద్రం బాగోలేదు, పిల్ల వాంతులు చేసుకుంది. మా జెట్టీలో దిగి ఫోను తీశాను కూడా. ఆవిడతో మాటంటే ఒక్క మాటతో అయ్యేది కాదు. పిల్ల తిన్నదా, ఏం వండుతావు, మీ ఆయన ఎలా ఉన్నాడు, అన్నీ అడుగుతుంది. ఇంటికెళ్ళి తీరిగ్గా చేద్దామనుకున్నాను. గురువారం బడికి ఇన్‌స్పెక్షన్. శుక్ర, శనివారాలు పేపర్లు దిద్దడం. ఆదివారం భోజనాలయ్యాక మంచం మీద నడుం వాల్చి, ఎంతసేపైనా మాట్లాడొచ్చనుకున్నాను. మనసులో ప్రేమ లేక కాదండీ. ఉందన్న ధీమాతోనే వాయిదా వేశాను.

కబురు తెలిశాక కూడా షిప్పు దొరకలేదు. గాలి ఎక్కువగా ఉందని మూడు రోజులు ఆపేశారు. గురువారానికి చేరాను. అప్పటికి అన్నీ అయిపోయాయి. కోడలు నన్ను చూసి ఏడ్చి, చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళి మేం దిగిన గది తలుపు తీసింది. నలిగిన దుప్పటి, అద్దం మీద నా బొట్టుబిళ్ళ, కిటికీలో మా అమ్మాయి తిన్న నారింజ తొక్కలు ఎండిపోయి.

"ఇల్లంతా కడిగీసినాం వదినా. ఈ గది ఒగ్గీసినాం. నీ ఫోను రానీ అంది అత్త."

"నన్నేమైనా అందా?" అని అడిగాను. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

"అననేదు. గురువారమంతా ఫోను ఒళ్ళో ఎట్టుకు కూకుంది. మనమే సేద్దామత్తా అంటే, పరాయోళ్ళయితే మనం సెయ్యాలి, అది మన పిల్లే కదా, అదే సేస్తాది అంది. శుక్రవారం ఆటో ఎక్కి జెట్టీకి ఎల్లి అడిగొచ్చింది. షిప్పు టైముకే సేరిందన్నారు. మరైతే ఊడ్సీనా అన్నాను. షిప్పు సేరిందని ఆల్లు సెప్పినారే, పిల్ల సేరిందని పిల్ల సెప్పాలి అంది. శనివారం కచాల్ దీవి నుంచి మొగుడూ పెళ్ళాం వస్తే, ఈ గది తియ్యకుండా తన గది ఆల్లకిచ్చి తను హాల్లో పడుకుంది."

నా తల నిమిరి చారన్నం తేవాల్సిన మనిషి కింద పటమై ఉంది. ఊడుద్దామని చీపురు పట్టుకున్నాను గానీ చెయ్యి రాలేదు. కోడలు నా చేతిలోంచి తీసుకుని "ఉండనీ వదినా" అని తలుపు దగ్గరికి వేసింది.

పెద్దకర్మ దాకా ఉండి తిరిగొచ్చాను. హట్ బే జెట్టీ మీద కాలు పెట్టి, సంచీ కింద పెట్టకుండానే ఫోను చేశాను. కోడలు ఎత్తింది.

"వదినా, సేరినావా?"

"చేరాను" అన్నాను.

"సరే వదినా" అంది గానీ కట్ చేయలేదు. ఫోను చేతిలో ఉండగానే మెట్లెక్కుతున్నట్టుంది. తలుపు తీసిన చప్పుడైంది. తరవాత చెక్క నేల మీద చీపురు. గోడవార నుంచి మొదలుపెట్టి, మంచం కిందికి, గుమ్మం వైపుకి. నా వెనక దిగినవాళ్ళు తోసుకుంటూ పోతున్నారు. ఫోను చెవికి అదిమి పట్టుకుని, ఆ గది పూర్తిగా ఊడవడం అయిపోయేదాకా విన్నాను.