బలపం పొడిలో నల్లగీత

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒకచోట కాలు నిలిచేది మా అమ్మకు ఒక్కదానికే. మా నాయన అన్నం తింటూ కూడా మోకాలు ఆడిస్తూనే ఉండేవాడు. నేను అచ్చం ఆయన పోలిక. చర్చిలో ప్రార్థన సాగుతుంటే కళ్ళు మూసుకున్నట్టే మూసుకుని, అయ్యగారు ఆమెన్ ఎప్పుడంటారా అని ఒక కన్ను తెరిచి చూసేదాన్ని. మా అక్క నా తొడ మీద గిల్లేది. అలాంటి నన్ను ఒక పూటంతా వాకిట్లో నిలబెట్టి ఉడికించిన రోజు ఒకటుంది. అది మా నాయన జీపు మొదటిసారి రోడ్డెక్కిన రోజు.

మాది తర్లుపాడు దగ్గర చిన్న పల్లె. నాయన పలకరాయి గనిలో లారీ నడిపేవాడు. అమ్మ మార్కాపురంలో పలకల కార్ఖానాకు పనికి పోయేది. గని వాళ్ళు మూల పడేసిన పాత జీపు ఒకటి ఉంటే, దాన్ని మా నాయన అడిగి తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాడంటే నడుపుకుంటూ కాదు, లారీకి మోకు కట్టి ఈడ్చుకొచ్చాడు. దానికి చక్రాలైతే ఉన్నాయి గానీ గాలి నిలిచేది కాదు. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. అప్పటినుంచి తీరిక దొరికితే చాలు, ఆయన ఆ జీపు కిందే ఉండేవాడు. ఎవరైనా మా ఇంటికొచ్చి ఆయన కోసం అడిగితే, బయటికి పొడుచుకొచ్చిన రెండు పాదాలను చూపించేవాళ్ళం. "ఏందిమే, మీ నాయన బండి కిందనే కాపురం పెట్టినాడా?" అని పాలెంలో అందరూ నన్ను ఆటపట్టించేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఆ జీపు లేచి పరిగెత్తితే, ముందు సీట్లో కూర్చుని వాళ్ళందరి ముందు నుంచి పోవాలని నా కోరిక.

చివరికి జీపు లేచింది. పొలాల గట్ల వెంబడి తిరిగింది కూడా. కానీ పెట్రోలు వాసన మాత్రం పోలేదు. ఆ జీపులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. అక్కడినుంచి సన్న రాగి గొట్టం ఇంజను పక్కనున్న చిన్న పంపుకు వస్తుంది. పంపు నుంచి మరో గొట్టం పైకి పోతుంది. పంపుకూ పై గొట్టానికీ మధ్య ఇత్తడి జాయింటు ఒకటి, దానికి కాస్త పక్కనే కాలి ఎర్రబడే పొగగొట్టం. వాసన వచ్చినప్పుడల్లా మా నాయన బానెట్ ఎత్తి ఆ జాయింటును ఇంకొక్క చుట్టు బిగించేవాడు. అప్పటికీ తడి కనిపిస్తే బట్టల సబ్బు ముక్క మెత్తగా పిసికి దాని చుట్టూ మెత్తేవాడు. ఇది ఆయన సొంత తెలివేం కాదు. మా వైపు ట్యాంకు కారితే సబ్బు పెట్టని డ్రైవరు లేడు. ఆ సబ్బుతో ఎంతెంతో దూరాలు పోయి వచ్చిన వాళ్ళున్నారు. కాబట్టి మా నాయనకు దాని మీద దేవుడి మీదున్నంత నమ్మకం.

ఆ రోజుల్లో మా అక్క పెద్ద పరీక్ష పాసై ఇంట్లో ఉండేది. దూరపు ఊరి ఆసుపత్రి వాళ్ళు మార్కాపురం వచ్చి, నర్సు ట్రైనింగుకు ఆడపిల్లలను ఎంపిక చేసుకుంటున్నారని చర్చిలో చెప్పారు. పొద్దున పిలిచిన వేళకు అక్కడ ఉండాలి. ఆ ఒక్క రోజే. అక్కకు ఆ సీటు రాకపోతే కోతల్లో పనలు కట్టడానికో, అమ్మతోపాటు పలకలు రుద్దడానికో పోవడమే. అది ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. అందుకే వారం ముందునుంచే ఆమెకు అన్నం సరిగ్గా దిగలేదు.

ఆ పొద్దున మా నాయన తెల్లచొక్కా వేసుకున్నాడు. అక్కను జీపులోనే తీసుకుపోతానన్నాడు. అమ్మ బస్సులో పోదామంది. ఆయన వినలేదు. మేం ఇంకా తల దువ్వుకుంటూ ఉండగానే రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. "పోనీలే, ఆ డబ్బా కంటే ముందే మనం పోతాం" అన్నాడు నాయన. బస్సు వెళ్ళిపోయింది. మళ్ళీ బస్సు మధ్యాహ్నానికే. నేను అందరికంటే ముందు ఎక్కి కూర్చున్నాను. అక్క ఎక్కింది. అమ్మ వెనక ఎక్కింది. జీపు రెండు మూడు దగ్గులు దగ్గి లేచింది. ఎదురింటి వాళ్ళు వాకిట్లోకి వచ్చారు. నా ఛాతీ ఉబ్బిపోయింది.

అప్పుడు వెనకనుంచి అమ్మ, "ఆపు" అంది.

నాయన వినపడనట్టు గేరు వేయబోయాడు. అమ్మ ఆయన భుజం పట్టుకుంది. "ఏందయ్యా ఈ వాసన? నిన్నటికంటే ఎక్కువుంది. బండి ఆపు ముందు."

"పెట్రోలు బండికి పెట్రోలు వాసన రాక మల్లెపూల వాసన వస్తాదా? పొద్దున్నే బిగించి సబ్బు పెట్టినా. నీకు అన్నీ అనుమానాలే" అన్నాడాయన.

అమ్మ మాట పెంచలేదు. కిందికి దిగింది. అక్క చెయ్యి పట్టుకుని దింపింది. నన్ను రెక్క పట్టుకుని లాగింది. నాయన పళ్ళు కొరుక్కుంటూ ఇంజను ఆపేశాడు. అక్క ఏడుపు గొంతుతో, "అమ్మా, పొద్దు పోతాంది. పేర్లు పిలిచేస్తారు" అంది. ఆ మాటకు అమ్మ మొహం ఎలా అయిపోయిందో నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. కానీ చెయ్యి మాత్రం వదల్లేదు.

"సీటు పోతే బతికినన్నాళ్ళు నన్ను తిట్టుకో పాపా. తిట్టుకునేదానికి ముందు మనిషంటూ ఉండాల గదా" అంది.

ఆ తర్వాత నా వైపు తిరిగి నా బలపాలన్నీ తెమ్మంది. నాకు ఏమీ అర్థం కాలేదు. కొత్త బలపాలు ఇవ్వాలంటే నాకు ప్రాణం పోయినంత పని. అందుకే విరిగిన ముక్కలు మాత్రం తెచ్చాను. అమ్మ నా మొహం చూసి, మిగతావి కూడా తెమ్మంది. వాటిని గడప మీద పెట్టి రాయితో నలిపి మెత్తటి తెల్లపొడి చేసింది. నేను ఒంటికాలు మీద గెంతుతున్నాను. నాయన జీపు చుట్టూ తిరుగుతున్నాడు. అక్క రోడ్డు వైపే చూస్తోంది. ఆ వాకిట్లో తొందర లేని మనిషి అమ్మ ఒక్కతే అనిపించి, ఆమె మీద నాకు పట్టలేనంత కోపం వచ్చింది.

కార్ఖానాలో మా అమ్మ పని పలకలు ఏరడం. రాయిలో కంటికి కనపడని పగులు ఉంటే చట్రం బిగించేటప్పుడు పలక రెండు ముక్కలవుతుంది. అందుకని ముందే పలకను తడిబట్టతో తుడిచి పక్కన పెట్టి కూర్చుంటారు. రాయంతా ఆరిపోతుంది. పగులున్న చోట మాత్రం తడి ఆరక సన్నగీతలా నిలబడిపోతుంది. ఆ గీత కోసం ఎదురుచూడటమే ఆ పనిలో అసలు సంగతి. తొందరపడి చూస్తే అంతా తడిగానే ఉంటుంది, ఏమీ తెలియదు. అమ్మ ఆ జాయింటు మీది సబ్బంతా నాయన చేత గోటితో గీకించి తీసేయించింది. పొడిబట్టతో తుడిపించింది. చుట్టూ బలపం పొడి అద్దింది. కింది వైపు చెయ్యి పట్టని చోట కూడా, చూపుడువేలితో, పసిబిడ్డకు పౌడరు రాసినట్టు రాసింది. పంపు కింద చేత్తో ఆడించే చిన్న మీట ఉంటుంది. దాన్ని ఆడించమని నాయనకు చెప్పి, తాను మోకాళ్ళ మీద కూర్చుంది.

కాసేపు ఏమీ లేదు. పొడి తెల్లగానే ఉంది. "చూసినావా?" అన్నాడు నాయన. అమ్మ ఇంకా ఆడించమని చేత్తోనే సైగ చేసింది. నేనూ వంగి చూశాను. మరలు ఉన్నచోట కాదు, ఆయన రోజూ బిగించే చోట కానే కాదు, జాయింటు కడుపు కింద, తెల్లటి పొడిలో వెంట్రుకంత నల్లగీత మెల్లగా పైకి పాకింది. చూస్తుండగానే దాని కొసన ఒక చుక్క ఊరి, పొగగొట్టం వైపు జారింది.

నాయన మీట వదిలేశాడు. స్పానరు తీసుకుని ఆ జాయింటును విప్పాడు. విప్పి చేతిలోకి తీసుకుని బొటనవేలితో కాస్త నొక్కాడంతే, అది రెండు ముక్కలైంది. పాతబడ్డ ఇత్తడిని ఆయన ఒక్కో చుట్టూ బిగిస్తూ పోయాడు, అది ఒక్కో చుట్టుకూ పగులుతూ పోయింది. పైన మెత్తిన సబ్బు ఆ పగులును మాకు కనపడనీయలేదు. ఆయన ఆ ముక్కలను అమ్మ అరచేతిలో పెట్టి జీపు మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన మోకాలు ఆడకుండా ఉండటం నేను చూసింది అప్పుడే. నన్ను దగ్గరికి తీసుకుని నా తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. నాకు భయం అప్పుడు వేసింది.

అయినా పొద్దు ఆగదు కదా. కొత్త జాయింటు కావాలంటే మార్కాపురం పోవాలి, మార్కాపురం పోవాలంటే జాయింటు కావాలి. నాయనకు ఉన్నట్టుండి గుర్తొచ్చింది. చెరువు కింద పొలంలో రైతు ఒకాయన బావి మీద ఆయిలింజను ఉంది. దాన్ని రిపేరు చేసేది మా నాయనే. దానికీ అలాంటి జాయింటే ఉంది. ఆయన పరిగెత్తాడు, వెనకాలే నేను. ఆ రైతు మిరప నారుకు నీళ్ళు పెట్టుకుంటున్నాడు. నాయన రొప్పుతూ, "చిన్నాయనా" అని సంగతి చెప్పాడు. ఆయన ఇంకేమీ అడగలేదు. నడుస్తున్న ఇంజనును ఆపేశాడు. "ఇప్పుకో పో. నారుకు మాపటేళ నీళ్ళు పెట్టుకుంటాలే. ఆడబిడ్డకు యాళ మించిపోతాంది" అన్నాడు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. నారు అప్పటికి సగమే తడిసి ఉంది.

తిరిగొచ్చాక నాయన స్పానరు ముట్టుకోలేదు. ఆ జాయింటును ముందు వేళ్ళతోనే తిప్పాడు. మర సరిగ్గా పడలేదనిపిస్తే వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. ఎన్నిసార్లు అలా చేశాడో! వేళ్ళకు ఇక తిరగనన్నాకే స్పానరు పట్టి, కొంచెం బిగించి ఆపేశాడు. ఇంకొక్క చుట్టు తిప్పాలని ఆయన చెయ్యి లాగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. అమ్మ మళ్ళీ బలపం పొడి తీసింది! అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. నేనైతే నేల మీద కూర్చుని కాళ్ళు కొట్టుకున్నాను. ఈసారి ఎవరూ చెప్పకముందే నాయనే మీట ఆడించాడు. అమ్మ చూస్తూ కూర్చుంది. పొడి తెల్లగా ఉంది. ఇంకాసేపు చూసింది. తెల్లగానే ఉంది. అప్పుడు లేచి చీరె దులుపుకుని జీపెక్కింది.

జీపు ఊరు దాటింది. ముందు సీట్లో కూర్చుని ఊళ్ళోంచి పోయానన్న సంతోషం కూడా నాకు లేదు. అక్క అమ్మ వైపు ఒక్కసారీ చూడలేదు. మేం చేరేసరికి వరండా ఖాళీ. పేర్లు పిలవడం అయిపోయిందని చెప్పారు. లోపల బల్లలు సర్దుతున్నారు. అక్క గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయింది. అమ్మ తప్పు చేసినదానిలా దూరంగా నిలబడింది. వాళ్ళలో పెద్ద నర్సమ్మ ఒకామె బయటికొచ్చి, ఎందుకు ఆలస్యమైందని అక్కను అడిగింది. అక్క ఉన్నదున్నట్టు చెప్పింది. బలపం పొడి సంగతి కూడా చెప్పింది. ఆమె నవ్వలేదు. కాసేపు మా అమ్మ వైపు చూసి, అక్కను లోపలికి రమ్మంది. సర్దిన బల్ల మళ్ళీ వేశారు.

అక్కకు సీటు వచ్చింది. ఎన్నో ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరైంది. ఆ జీపు కూడా చాలా ఏళ్ళు మా ఊరివాళ్ళను పెళ్ళిళ్ళకు, కాన్పులకు మోసింది. అమ్మ చేసింది సరైన పని అని తర్వాత అందరూ అన్నారు. నేను కూడా ఆమెకు ఎలాగో ముందే తెలిసిపోయిందని చాలాకాలం అనుకున్నాను. అమ్మ ముసలిదయ్యాక ఒకరోజు, ఇద్దరం చెనక్కాయలు ఒలుస్తుండగా, ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె పకపకా నవ్వింది.

"నాకేం తెలుసే? నాకు తెలిసింది పలకలు. ఇత్తడి సంగతి నాకేం ఎరిక? ఆ పొడి తెల్లగా ఉండిపోయుంటే మీ అక్క బతుకు చెడగొట్టినదాన్ని నేనయ్యేదాన్ని. లోపల గుండెకాయ ఎట్ల కొట్టుకున్యాదో ఆ దేవునికే తెలుసు."

ఆ రోజు వాకిట్లో తొందర లేని మనిషి అమ్మ ఒక్కతే అనుకున్నాను. మా అందరికంటే ఎక్కువ కొట్టుకులాడింది ఆమే. తెలిసి ఆపడం అయితే ఎవరైనా చేస్తారు. ఆమె తెలియక ఆపింది, తప్పయితే కన్నబిడ్డ తిట్లు బతికినన్నాళ్ళు పడటానికి సిద్ధపడి ఆపింది. నా కాలు ఇప్పటికీ ఒకచోట నిలవదు. కానీ అందరూ బయలుదేరి తొందరపడుతున్నప్పుడు నాకేదైనా అనుమానం వస్తే, ఆగమని చెప్పేస్తాను. చాలాసార్లు ఆ అనుమానం ఉత్తదే అవుతుంది. పిల్లలు విసుక్కుంటారు, అల్లుడు గడియారం చూసుకుంటాడు. నాదే పొరపాటని ఒప్పేసుకుంటాను. మళ్ళీ అనుమానం వచ్చిన రోజు మళ్ళీ ఆగమంటాను.