ఆ సాయంత్రం పదిహేడో నంబరు

నేను దయ్యాలను నమ్మను. నమ్మేవాళ్లతో వాదించను కూడా. పందొమ్మిదేళ్లు అడవి పక్క హాస్టల్లో ఆడపిల్లల మధ్య పడుకున్నాను. కిటికీ రెక్క కొట్టుకుంటే లేచి గడియ పెట్టాను. రేకుల మీద చప్పుడైతే టార్చి వేసి పిల్లినో ఉడుతనో చూశాను. కారణం దొరకని చప్పుడు ఒక్కటీ నాకు ఎదురుకాలేదు. నేను రాస్తున్నది చప్పుడు గురించి కాదు, ఒక లెక్క గురించి.

నా వయసు డెబ్బై నాలుగు. ఇప్పుడు ఖమ్మంలో ఉంటున్నాను. చర్ల వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో ఆడపిల్లల వార్డెన్‌గా చేశాను. బడి పేరు రాయను. రోజూ డైరీ రాయడం అప్పటి నుంచీ అలవాటు. ఆ రోజు ఎంతమంది పిల్లలు, జ్వరాలు ఎన్ని, వాన పడిందా లేదా, అంతే. సొంత సంగతులు రాసుకోను.

ముప్పై ఎనిమిదేళ్ల కిందట మా దగ్గర నలభై ఇద్దరు పిల్లలు ఉండేవాళ్లు. ఒక్కొక్కరికి ఒక నంబరు. పళ్లెం మీద, రేకుపెట్టె మీద అదే నంబరు. సాయంత్రం ఆరింటికి, అన్నానికి ముందు, వరండాలో రెండు వరసల్లో నిలబడి ఎవరి నంబరు వాళ్లు గట్టిగా చెప్పాలి. నేను బల్ల దగ్గర తల వంచుకుని గీతలు పెట్టుకుంటూ పోయేదాన్ని. మొహాలు చూసేదాన్ని కాదు. నంబర్లు ఎక్కడా తెగకుండా నలభై రెండు దాకా వస్తే రిజిస్టర్ మూసేదాన్ని.

పదిహేడో నంబరు జోగమ్మ. పదేళ్ల పిల్ల. వాగు అవతల అడవిలో వాళ్ల ఊరు. కొత్త పంటను దేవతకు పెట్టి తినే పండగ వాళ్లకు ఒకటుంది, కొత్తల పండగ అంటారు. దానికి ఇంటికి పోతానని ఒక శుక్రవారం మధ్యాహ్నం వచ్చి అడిగింది. పండగకు పోయిన పిల్లలు నెల దాకా తిరిగి వచ్చేవాళ్లు కాదు. పంపనన్నాను.

శనివారం తెల్లవారాక వాళ్ల నాన్న వచ్చాడు. హాస్టల్‌కు మైలు దూరంలో, పొంగిన వాగు మీదికి ఒరిగిన మద్ది కొమ్మ దగ్గర జోగమ్మ శవం దొరికింది. రెండు చేతులూ కొమ్మను పట్టుకునే ఉన్నాయట. విడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చిందని చెప్పాడు. ఇంట్లోవాళ్లు పిల్ల హాస్టల్లో ఉందనుకున్నారు; పండగకు తీసుకుపోదామని వస్తుంటే దారిలో ఆయనకు కనబడింది. నా రిజిస్టర్‌లో శుక్రవారం సాయంత్రం నలభై రెండు ఉంది.

విచారణకు వచ్చిన అధికారి ఆ రిజిస్టర్ చూశాడు. ఆరింటికి ఉన్న పిల్ల రాత్రి చెప్పకుండా పోయిందని రాసుకున్నాడు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ చీకట్లో ఆ వాగు వైపు ఏ పిల్లా పోదని నాకు తెలుసు. అది పగలే పోయింది, ఆరింటికి దాని నంబరు ఇంకెవరో చెప్పారు అనుకున్నాను. పిల్లల్ని అడిగాను. నోరు విప్పలేదు. నేనూ గట్టిగా అడగలేదు.

రెండేళ్ల కిందట గుండెకు ఆపరేషన్ అయింది. పోయేలోగా ఆ నంబరు ఎవరు చెప్పారో తెలుసుకోవాలనిపించింది. తిట్టడానికి కాదు. ఒక్క నంబరు తగ్గి ఉంటే లాంతర్లు తీసుకుని ఆ మైలు దూరం పోయేవాళ్లం. అప్పటికి ఆ పిల్ల కొమ్మ పట్టుకుని బతికే ఉందేమో. నాకు తెలియవలసింది అదే.

పాత పేర్లు ముందు పెట్టుకుని ఒక్కొక్కరినీ వెతికాను. జోగమ్మ పోగా నలభై ఒక్క మంది. తొమ్మిది మంది చనిపోయారు. అందులో నలుగురు కాన్పుల్లో. పద్నాలుగు మంది ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. పద్దెనిమిది మంది ఆచూకీ దొరికింది. మొన్న మార్చిలో ఒక ఆదివారం అందరినీ రమ్మంటే పదకొండు మంది వచ్చారు. జూలూరుపాడులో అంగన్‌వాడీ టీచర్‌గా ఉన్న సమ్మక్క ఇంట్లో కలిశాం.

నేను ఆటో దిగుతుండగానే లోపల నుంచి కేక వినిపించింది. "ఏయ్, మేడమొచ్చింది! గోర్లు దాచుకోండ్రే!"

"దువ్వెన తెచ్చిన్రా మేడం, పేన్లు సూస్తరా?" అంది ఇంకొకామె.

"చూస్తాను రా. నీ తలలో పేను దాక్కోవడానికి వెంట్రుకలు ఏవీ?" అన్నాను. అందరూ నవ్వారు.

ఆ నవ్వు అన్నాల దాకా నిలవలేదు. ఒక్కొక్కరూ చెప్పుకుంటూ వచ్చారు. ఒకామె కొడుకు పురుగుల మందు తాగాడు. ఒకామెకు పోడు భూమి పోయింది. ఉద్యోగం అన్నది ఇద్దరికే ఉంది. ఇల్లందు వైపు ఇచ్చిన ముత్తమ్మ మిర్చి ఏరడానికి పోతుంది. నలభై ఎనిమిదేళ్లకే పళ్లు ఊడిపోయాయి.

"మీరు సదువు మంచిగనే చెప్పిన్రు మేడం," అంది ముత్తమ్మ. "బస్సు బోర్డు సదువుత. ఏ బస్సు ఏడికి పోతదో నాకెరుకే. నేను పోయేతందుకే ఏ ఊరూ లేదు."



తిన్న తర్వాత ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. ఒకరి మాట ఇంకొకరి చెవిన పడకూడదని. మొదట భద్రమ్మను ఇంటి వెనక నీళ్ల తొట్టి దగ్గరికి తీసుకుపోయాను. ఆమెది పద్దెనిమిదో నంబరు, వరసలో జోగమ్మ పక్కన.

"నేనే చెప్త అన్న మేడం," అంది, నేను ప్రశ్న పూర్తి చేయకముందే. "ఆటల గంటకు జోగి పోతాంటే, నువ్వు పోవే, నీ నంబరు నేను చెప్త అన్న."

తొట్టి అంచు పట్టుకున్నాను. "అయితే నువ్వే చెప్పావన్నమాట."

"లేదు మేడం. చెప్పనీకె నోరు తెరిసిన. గప్పటికే పక్కపొంటి అదే చెప్పింది. తిరిగి సూస్తె నిలబడ్డది. ఎంటికలల్లకెల్లి నీళ్లు కారుతున్నయి. వాగు దాటరాక మర్లి వచ్చింది అనుకున్న. చెయ్యి పట్టుకుంటె సల్లగ ఉండె."

"అన్నం తిన్నదా?"

"పళ్లాల కాడికి పోయేటప్పుడు చెయ్యి గుంజుకున్నది. మల్ల సూడలే. పండేటప్పుడు సాప ఖాళీ. మల్ల ఉరికింది అనుకున్న. చెప్తే తంతరని చెప్పలే."

పదేళ్ల పిల్ల భయంతో తన గొంతునే ఇంకొకరి గొంతుగా గుర్తు పెట్టుకుని ఉండవచ్చు. నేను అలాగే అనుకున్నాను. తర్వాత ముత్తమ్మను ముందు గదిలో కూర్చోబెట్టి, ఏమీ అందించకుండా, ఆ సాయంత్రం ఏం చూశావని మాత్రమే అడిగాను. ఆమె రెండో వరసలో, జోగమ్మ వెనక నిలబడేది.

"జోగి గౌను తడిసి ఈపుకు అంటుకున్నది మేడం. నా కాళ్ల మీద నీళ్లు పడ్డయి. నెట్టిన గుడ. ఏందే, తానం జేసి తుడ్సుకోలేదా అన్న. తిరగలే."

బడి వదిలాక వాళ్లిద్దరూ కలుసుకోవడం ఆ రోజే మొదటిసారి. అందరినీ అడిగి ఖాయం చేసుకున్నాను. మిగతావాళ్లకు నంబరు తెగకుండా వచ్చిందన్నదే గుర్తుంది. సమ్మక్కది రెండో నంబరు. "నేను ముందట ఉంటి మేడం. ఇన్న. మనిషిని సూడలే," అంది. చూడనిది చూశానని ఆమె అననందుకు, మిగతా ఇద్దరి మాట తోసెయ్యడం నాకు ఇంకా కష్టమైంది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు భద్రమ్మ నా కొంగు పట్టుకుంది.

"నా గొంతు కాదు గద మేడం? మీరిన్నరు గద?"

నేను తల వంచుకుని ఉన్నాను. ఎవరి గొంతో పట్టించుకోలేదు. అయినా, "కాదు, నీది కాదు," అన్నాను. జీవితంలో తెలిసి తెలిసి చూడని లెక్కకు సంతకం పెట్టింది అదొక్కసారే.

ఖమ్మం వచ్చాక ఆ ఏటి డైరీ తీశాను. ఆ శుక్రవారం కింద నా చేతిరాతతో ఇలా ఉంది: "నలభై రెండు. జ్వరాలు మూడు. ఇక్కడ వాన లేదు, పైన పడింది, వాగు పొంగింది. వరండా మధ్యలో నీళ్లు. ఎవరు పోశారో రేపు అడగాలి." మర్నాడు వాళ్ల నాన్న వచ్చాడు. ఆ నీళ్ల సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను. డైరీలో చూసేదాకా గుర్తు రాలేదు.

భద్రమ్మకు ఫోన్ చేసి ఆ నాలుగు ముక్కలూ చదివాను.

"ఒక్కరు తక్కువున్నా, దొరికేదాంక ఎవ్వరికీ అన్నం పెట్టకపోదురు గద మేడం మీరు," అంది. "గందుకే వచ్చిందేమో. మేం తింటమని."

ఫోన్ పెట్టేసింది.

ఆ నియమం పెట్టింది నేనే. పైన దాని గురించి రాయలేదు. కావాలనే రాయలేదు.

ఇప్పుడు నా ముందు రెండు లెక్కలు ఉన్నాయి. వాళ్లు చెప్పింది నిజమైతే జోగమ్మ ఆరింటికి ముందే చనిపోయింది, నేను లాంతరు పట్టుకుని పోయినా లాభం లేదు. నిజం కాకపోతే, నేను రిజిస్టర్ మూసి వడ్డించమన్నప్పుడు ఆ పిల్ల మైలు దూరంలో కొమ్మ పట్టుకుని ఉండి ఉండవచ్చు. మొదటిది నమ్మితే నా తప్పు సగం తగ్గుతుంది. అందుకే నమ్మడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

వాన లేని రోజు, ఆరింటికి, వరండా మధ్యలో నీళ్లు ఎక్కడివో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.